రీబూట్ చేస్తే లేచే ప్రోగ్రాం, కరెంటు పోయొస్తే ఎందుకు లేవదు?

ప్రశ్న: సార్, నమస్తే. మాది మిర్యాలగూడ. రైసుమిల్లుల లెక్కలు రాస్త, కంప్యూటర్ల పని గూడ నేనే చూస్త. వే బ్రిడ్జి డబ్బా నుంచి తూకం చదివి గేటు కాడి కంప్యూటర్‌కు, ఆఫీసుకు చూపెట్టే పైథాన్ ప్రోగ్రాం ఒకటుంది. ఉబుంటు సర్వర్ 22.04 మీద, 192.168.1.50 అడ్రసుల, 8080 పోర్టు మీద నడుస్తది. తూకాలు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ల పడతయి. ఇంతకుముందు నోహప్ పెట్టి (తెర మూసినా నడిచేటట్టు) నడిపించేది. క్రాన్‌ల (టైముకు పనులు నడిపించేది) ఎట్‌రీబూట్ పెడితే ఒకపారి లేచేది, ఒకపారి లేవకపోయేది. దోస్తు చెప్తే సిస్టమ్‌డీకి (లినక్స్‌ల ప్రోగ్రాంలను లేపి చూసుకునేది) సర్వీస్ ఫైలు రాసిన, ఎనేబుల్ గూడ చేసిన. చేతితోని రీబూట్ చేస్తే మంచిగ లేస్తుంది. కరెంటు పోయొస్తే మాత్రం సర్వర్ లేస్తది, ప్రోగ్రాం లేవది. లాగ్‌ల 'క్యానాట్ అసైన్ రిక్వెస్టెడ్ అడ్రస్' అని ఉంది. యాసంగి వడ్లు మొదలైతే రాత్రి పూట గూడ లారీలు వస్తయి. ఏం చెయ్యాలె?

జవాబు: మీ ఉత్తరంలో అసలు ఆధారం ఒక్క వాక్యంలో ఉంది. చేతితో రీబూట్ చేస్తే లేస్తోంది, కరెంటు పోయొస్తే లేవట్లేదు. సర్వీస్ ఫైలులోనే తప్పుంటే రెండుసార్లూ లేవకూడదు. ఈ రెండింటికీ మధ్య మారేది సర్వర్ కాదు, దాని వైరు అవతలి కొసన ఉన్న స్విచ్.

మీరు రీబూట్ చేసినప్పుడు నెట్‌వర్క్ స్విచ్ నడుస్తూనే ఉంటుంది. సర్వర్ లేవగానే రెండు మూడు సెకన్లలో లింకు దొరుకుతుంది, 192.168.1.50 అనే అడ్రసు కార్డు మీదికి వచ్చేస్తుంది. ఈలోగా పోస్ట్‌గ్రెస్ లేవడానికి పట్టే టైము కూడా మీ ప్రోగ్రాంకు కలిసొస్తుంది. కరెంటు పోయినప్పుడు స్విచ్ కూడా ఆరిపోతుంది. తిరిగి వచ్చాక మామూలు చిన్న స్విచ్ కొన్ని సెకన్లలో లేస్తుంది. సెట్టింగులు పెట్టుకునే రకం పెద్ద స్విచ్ అయితే అర నిమిషం నుంచి రెండు నిమిషాల దాకా తీసుకోవచ్చు. మిల్లుల్లో ఇంకో తిప్పలు కూడా ఉంటుంది. సర్వర్ ఒక ఫేజు మీద, గేటు గదిలోని స్విచ్ ఇంకో ఫేజు మీద ఉంటే రెండింటికీ కరెంటు ఒకేసారి రాదు.

'మాది స్టాటిక్ ఐపీ (చేత్తో పెట్టిన, మారని అడ్రసు) కదా, స్విచ్‌తో పనేముంది' అని మీకు అనిపించవచ్చు. ఉబుంటు సర్వర్‌లో నెట్‌వర్క్ చూసుకునేది సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ. వైరులో అవతలి నుంచి సిగ్నల్ రానంత వరకు, మామూలు సెట్టింగుల్లో, అది స్టాటిక్ అడ్రసును కూడా కార్డుకు ఎక్కించదు. అంటే ఆ క్షణాన మీ సర్వర్‌కు 192.168.1.50 అనే అడ్రసే లేదు. లేని అడ్రసు మీద వింటానని ప్రోగ్రాం అడిగితే కెర్నల్ (లినక్స్ లోపలి అసలు భాగం) చెప్పే జవాబే మీరు లాగ్‌లో చూసిన ఆ మాట.

మరి సిస్టమ్‌డీ మళ్లీ ప్రయత్నించదా అంటే, ఫైలులో రీస్టార్ట్ అని రాస్తేనే ప్రయత్నిస్తుంది. రాసినా ఇంకో గుంట ఉంది. ఎంతసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టాలో చెప్పకపోతే అది 100 మిల్లీసెకన్లే ఆగుతుంది. 10 సెకన్లలో 5 సార్ల కన్నా ఎక్కువ మొదలుపెట్టనివ్వదు. అడ్రసు లేక వెంటనే పడిపోయే ప్రోగ్రాం ఆ ఐదు అవకాశాలనూ ఒకటి రెండు సెకన్లలో ఖర్చు చేసేస్తుంది. ఆ తర్వాత 'స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్లీ' అని రాసి సిస్టమ్‌డీ చేతులెత్తేస్తుంది. నిమిషం తర్వాత స్విచ్ లేచినా అప్పటికి అడిగేవాడు ఉండడు.

ముందుగా మార్చాల్సింది సర్వీస్ ఫైలును కాదు, ప్రోగ్రాం సెట్టింగును. వినే అడ్రసు దగ్గర 192.168.1.50 తీసేసి 0.0.0.0 పెట్టండి. అది 'ఈ మిషన్‌కు ఇప్పుడున్న, ఇకముందు వచ్చే అడ్రసులన్నిటి మీదా వింటాను' అని చెప్పడం. లింకు లేకపోయినా ప్రోగ్రాం లేచి కూర్చుంటుంది. స్విచ్ లేచి అడ్రసు ఎప్పుడు వస్తే అప్పుడు గేటు నుంచి కనెక్షన్లు అందుకుంటుంది. గేటు కంప్యూటర్లో మీరు తెరిచే అడ్రసు మారదు. సర్వర్‌కు రెండు నెట్‌వర్క్ కార్డులుండి ఒక్కదాని మీదే వినాల్సిన పరిస్థితి అయితే అడ్రసును అలాగే ఉంచండి. /ఈటీసీ/సిస్‌సీటీఎల్.డీ కింద ఒక ఫైలులో 'నెట్.ఐపీవీ4.ఐపీ_నాన్‌లోకల్_బైండ్=1' అని రాస్తే ఇంకా రాని అడ్రసు మీద కూడా కెర్నల్ విననిస్తుంది. మీకు ఆ అవసరం కనిపించడం లేదు.

0.0.0.0 పెట్టాక ఫైర్‌వాల్ మాత్రం బిగించాలి. 'సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ ఫ్రమ్ 192.168.1.0/24 టు ఎనీ పోర్ట్ 8080 ప్రోటో టీసీపీ' అంటే మిల్లు లోపలి మిషన్లకే దారి ఉంటుంది. ఉబుంటు ఫైర్‌వాల్ అయిన యూఎఫ్‌డబ్ల్యూ ఇంకా ఆన్ చేసి లేకపోతే, ఎనేబుల్ చేసే ముందు ఎస్ఎస్‌హెచ్‌కు (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి) కూడా అలౌ ఇవ్వండి, లేకపోతే మీ దారి మీరే మూసుకుంటారు. యజమాని ఇంటి నుంచి ఫోనులో చూస్తానంటే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ పెట్టండి. రౌటర్‌లో 8080 పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరవొద్దు.

ఇప్పుడు సర్వీస్ ఫైలు. ఆదేశాలన్నీ ఇక్కడ పలికే తీరులో తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషులోనే కొట్టాలి. కమాండ్లు, దారులు అన్నీ చిన్న అక్షరాలు. ఫైలులో చదరపు బ్రాకెట్ల లోపలి పేర్లలో, సమానం గుర్తుకు ఎడమ పక్కనున్న పేర్లలో మాత్రం ప్రతి మాట మొదటి అక్షరం పెద్దది, మధ్యలో ఖాళీ ఉండదు. పెద్ద అక్షరాల తేడా వచ్చినా సిస్టమ్‌డీ ఆ లైనును గుర్తుపట్టదు. లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి, దాన్ని వదిలేసి ముందుకు పోతుంది. ఈ ఒక్క కారణంతో పనిచేయని సర్వీస్ ఫైళ్లు చాలా ఉంటాయి.

/ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్/కాంటా.సర్వీస్ ఇలా ఉండాలి:

[యూనిట్]
డిస్క్రిప్షన్=కాంటా తూకం సర్వీస్
వాంట్స్=పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.సర్వీస్
ఆఫ్టర్=నెట్‌వర్క్.టార్గెట్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.సర్వీస్
స్టార్ట్‌లిమిట్‌ఇంటర్వల్‌సెక్=0

[సర్వీస్]
యూజర్=కాంటా
సప్లిమెంటరీగ్రూప్స్=డయల్‌అవుట్
వర్కింగ్‌డైరెక్టరీ=/ఆప్ట్/కాంటా
ఎన్విరాన్‌మెంట్=పైథాన్‌అన్‌బఫర్డ్=1
ఎక్సెక్‌స్టార్ట్=/ఆప్ట్/కాంటా/వెన్వ్/బిన్/పైథాన్ /ఆప్ట్/కాంటా/యాప్.పీవై
రీస్టార్ట్=ఆల్వేస్
రీస్టార్ట్‌సెక్=5

[ఇన్‌స్టాల్]
వాంటెడ్‌బై=మల్టీ-యూజర్.టార్గెట్

పెద్ద అక్షరాల నియమానికి ఒకటే మినహాయింపు: పైథాన్‌అన్‌బఫర్డ్ అనే మాట మొత్తం పెద్ద అక్షరాల్లో కొట్టాలి. అది లేకపోతే ప్రోగ్రాం ప్రింట్ చేసే మాటలు లోపలే పేరుకుని, మీకు కావాల్సిన సమయానికి లాగ్‌లో కనిపించవు.

ఆఫ్టర్ అనేది వరుస మాత్రమే చెబుతుంది: 'ఇద్దరమూ లేవాల్సి ఉంటే వాడి తర్వాత నేను'. వాడిని లేపదు. లేపేది వాంట్స్. అందుకే పోస్ట్‌గ్రెస్ పేరు రెండు చోట్లా ఉంది. వాంట్స్ బదులు రిక్వైర్స్ రాస్తే ఇంకా గట్టిగా ఉంటుందని కొందరు రాస్తారు. అప్పుడు మీరు ఎప్పుడైనా డేటాబేస్‌ను ఆపి మళ్లీ మొదలుపెడితే, దాంతోపాటే తూకం ప్రోగ్రాం కూడా ఆగుతుంది. వాంట్స్ చాలు.

నెట్‌వర్క్.టార్గెట్ అనే పేరు చూసి 'నెట్‌వర్క్ వచ్చాక' అనుకుంటారు. దాని అర్థం అది కాదు. నెట్‌వర్క్ చూసుకునే సర్వీసు మొదలైందని మాత్రమే అది చెబుతుంది. అడ్రసు వచ్చిందో లేదో దానికి పట్టదు. దాని అసలు ఉపయోగం షట్‌డౌన్ వేళ: నెట్‌వర్క్ తీసేయక ముందే మీ ప్రోగ్రాంను ఆపుతుంది. అడ్రసు వచ్చేదాకా ఆగేది నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్, మీ దోస్తు మీకు చెప్పబోయే తదుపరి సలహా బహుశా అదే. మీ విషయంలో అది వద్దు. దాని వెనక ఆగి చూసేది సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ-వెయిట్-ఆన్‌లైన్ అనే సర్వీసు. అది మామూలుగా 120 సెకన్లు చూసి, అడ్రసు రాకపోతే విఫలమైందని చెప్పి వదిలేస్తుంది. వాంట్స్‌తో కట్టిన సర్వీసులు ఆ తర్వాత ఎలాగూ మొదలవుతాయి. అంటే స్విచ్ మూడో నిమిషంలో లేస్తే పాత అడ్రసుతో ఉన్న మీ ప్రోగ్రాం అప్పుడూ పడిపోయేదే, కాకపోతే రెండు నిమిషాలు ఆలస్యంగా. 0.0.0.0 మీద వినే ప్రోగ్రాంకు ఆ ఎదురుచూపుతో పనిలేదు. పైగా గేటు స్విచ్ కాలిపోయిన రాత్రి కూడా సర్వర్ పక్కనున్న తెర మీద తూకం చూసి చీటీ రాసుకోవచ్చు. ఆన్‌లైన్ టార్గెట్ పెట్టాల్సింది లేచీ లేవగానే బయటి మిషన్‌తో మాట్లాడాల్సిన వాటికి. డేటాబేస్ వేరే సర్వర్‌లో ఉన్నా, నెట్‌వర్క్ ఫోల్డర్‌లోంచి ఫైళ్లు తెచ్చుకోవాల్సి ఉన్నా అది కావాలి. అప్పుడు దాన్ని కూడా వాంట్స్, ఆఫ్టర్ రెండింట్లోనూ రాయాలి.

రీస్టార్ట్‌సెక్=5 అంటే పడితే ఐదు సెకన్లు ఆగి లేపుతుంది. స్టార్ట్‌లిమిట్‌ఇంటర్వల్‌సెక్=0 అంటే ఎన్నిసార్లు పడినా విసుగు చెందదు. ఇది [యూనిట్] భాగంలోనే ఉండాలి, [సర్వీస్] కింద రాస్తే పట్టించుకోదు. ఆన్-ఫెయిల్యూర్ బదులు ఆల్వేస్ పెట్టడానికి కారణముంది. చాలా పైథాన్ ప్రోగ్రాంలు లోపల పొరపాటును పట్టుకుని, ఒక మాట ప్రింట్ చేసి, అంతా బాగున్నట్టే బయటికి వచ్చేస్తాయి. సిస్టమ్‌డీ దాన్ని వైఫల్యంగా లెక్కపెట్టదు. మీరు సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ అంటే మాత్రం ఆల్వేస్ ఉన్నా ఆగిపోతుంది, భయపడొద్దు.

ఎక్సెక్‌స్టార్ట్ లైనులో నోహప్ గానీ చివర అండ్ గుర్తు గానీ పెట్టొద్దు. ఆ లైనును షెల్ చదవదు. అండ్ గుర్తు వెళ్లి మీ ప్రోగ్రాంకు ఒక ఆర్గ్యుమెంట్‌గా చేరుతుంది. మీ బాష్‌ఆర్‌సీలో (మీ లాగిన్ సెట్టింగుల ఫైలు) రాసుకున్న పాత్‌లు, పాస్‌వర్డులు కూడా ఇక్కడికి రావు. క్రాన్ ఒకపారి లేపి ఒకపారి లేపకపోవడం కూడా ఈ జాతి ఇబ్బందే. దానికి డేటాబేస్ లేచిందో లేదో తెలియదు, ఒకేసారి ప్రయత్నిస్తుంది, పడితే మళ్లీ అటు చూడదు.

ప్రోగ్రాం ఇప్పుడు మీ హోమ్ ఫోల్డర్‌లో ఉండి ఉంటుంది. /ఆప్ట్/కాంటాకు మార్చండి. ప్రోగ్రాంకు కావాల్సిన పైథాన్ ప్యాకేజీలుండే వెన్వ్ ఫోల్డర్‌ను మాత్రం కాపీ చేయొద్దు, దాని లోపల పాత దారులు రాసి ఉంటాయి. కొత్త చోట 'పైథాన్3 -ఎమ్ వెన్వ్ వెన్వ్' అని కొత్తది చేసి, కావలసిన ప్యాకేజీలు మళ్లీ ఎక్కించాలి. కాంటా అనే యూజర్‌ను 'సుడో యూజర్‌యాడ్ --సిస్టమ్ --షెల్ /యూఎస్ఆర్/ఎస్‌బిన్/నోలాగిన్ కాంటా' అని పుట్టించండి. ఇక్కడ చాలామంది తట్టుకుని పడే రాయి ఒకటుంది. మీ ప్రోగ్రాం పాస్‌వర్డు లేకుండా, మీ లాగిన్ పేరుతోనే పోస్ట్‌గ్రెస్‌లోకి పోతూ ఉంటే, యూజర్ మారగానే డేటాబేస్ లోపలికి రానివ్వదు. పోస్ట్‌గ్రెస్‌లో కూడా కాంటా పేరుతో రోల్ (డేటాబేస్ యూజర్) పుట్టించి ఆ టేబుళ్ల మీద హక్కులివ్వాలి, లేదా లోకల్‌హోస్ట్ ద్వారా పాస్‌వర్డుతో వెళ్లేలా మార్చాలి.

తూకం డబ్బా యూఎస్‌బీ వైరుతో వస్తున్నట్టయితే ప్రోగ్రాంలో /డెవ్/టీటీవైయూఎస్‌బీ0 (ఇందులో యూఎస్‌బీ పెద్ద అక్షరాలు) అని రాసి ఉందేమో చూడండి. అలాంటి వైరు ఇంకోటి ఉంటే ఈ సున్నా ఒక బూట్‌కు ఒకటిగా మారవచ్చు. /డెవ్/సీరియల్/బై-ఐడీ ఫోల్డర్‌లో ఉన్న పొడుగు పేరు వాడితే మామూలుగా ఏ రంధ్రంలో పెట్టినా అదే ఉంటుంది. ఆ పోర్టు చదివే హక్కు డయల్‌అవుట్ గ్రూపుకే ఉంటుంది, ఫైలులో ఆ లైను అందుకే.

ఇక మొదలుపెట్టే ముందు పాత రోజుల మిగుళ్లు తీసేయాలి. క్రాన్‌ట్యాబ్‌లోని ఎట్‌రీబూట్ లైను తీసేయండి. నోహప్‌తో నడుస్తున్న పాత కాపీని ఆపండి. అది ఉంటే కొత్తది 'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్' అని పడిపోతుంది, రెండూ ఒకే తూకం వైరు కోసం కొట్టుకుంటాయి. 'సుడో ఎస్ఎస్ -ఎల్‌టీఎన్‌పీ' అంటే 8080ని ఎవరు పట్టుకున్నారో ప్రాసెస్ నంబరుతో సహా చూపిస్తుంది. ఆ తర్వాత:

సుడో సిస్టమ్‌డీ-ఎనలైజ్ వెరిఫై /ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్/కాంటా.సర్వీస్
సుడో సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్
సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ కాంటా
సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ కాంటా

మొదటిది ఫైలులోని అచ్చుతప్పులు పట్టిస్తుంది. రెండోది ఫైలు ముట్టుకున్న ప్రతిసారీ చేయాలి, లేకపోతే సిస్టమ్‌డీ పాత ఫైలునే మనసులో పెట్టుకుని ఉంటుంది. మీరు ఇంతకుముందే ఎనేబుల్ చేశామన్నారు. ఈ ఫైలుకు అదే పేరు పెట్టకపోతే పాతదాన్ని 'డిసేబుల్ --నౌ' చేయడం మరవొద్దు.

లేవకపోతే 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ కాంటా'లో ఒక అంకె కనిపిస్తుంది. 203 అంటే ఎక్సెక్‌స్టార్ట్‌లో రాసిన పైథాన్ ఆ చోట లేదు, లేదా నడిపే హక్కు లేదు. 217 అంటే కాంటా అనే యూజర్ లేడు. 200 అంటే వర్కింగ్‌డైరెక్టరీ లేదు, లేదా లోపలికి పోలేకపోయింది. 1 అని ఉంటే ప్రోగ్రాం నడిచి తనంతట తాను పడింది. అప్పుడు 'సుడో జర్నల్‌సీటీఎల్ -యూ కాంటా -బీ' చూడాలి. కరెంటు పోవడానికి ముందు ఏం జరిగిందో చూడాలంటే చివర '-బీ -1' పెట్టండి.

ఇంత చేసినా సర్వర్ లినక్స్ దాకా రాకపోతే ఇదంతా వృథా, కాబట్టి దాని కింది మెట్లు కూడా చూడాలి. బయోస్‌లో 'రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్' లాంటి పేరుతో ఉన్న సెట్టింగును 'పవర్ ఆన్' చేయండి. 'లాస్ట్ స్టేట్' వద్దు: యూపీఎస్ బ్యాటరీ అయిపోతూ సర్వర్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేసి ఉంటే, చివరి స్థితి ఆఫ్ కాబట్టి ఆఫ్‌గానే ఉంటుంది. కీబోర్డు లేకపోతే ఆగిపోయే బయోస్ అయితే 'హాల్ట్ ఆన్' దగ్గర 'నో ఎర్రర్స్' పెట్టండి. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ పాతదైతే మార్చండి. అది చచ్చిపోతే గడియారం వెనక్కి పోయి చీటీల మీద తప్పు తేదీ పడుతుంది, చాలా బోర్డుల్లో ఇప్పుడు పెట్టిన బయోస్ సెట్టింగులు కూడా చెరిగిపోతాయి.

బూట్ పూర్తికాకుండా కరెంటు పోతే ఉబుంటు తర్వాతిసారి గ్రబ్ (లినక్స్‌ను లేపే చిన్న ప్రోగ్రాం) మెనూ చూపించి 30 సెకన్లు ఆగుతుంది. /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్‌లో 'గ్రబ్_రికార్డ్‌ఫెయిల్_టైమ్‌అవుట్=5' అని పెద్ద అక్షరాల్లో రాసి 'సుడో అప్‌డేట్-గ్రబ్' అనండి. బ్యాకప్ కోసం బయటి హార్డ్‌డిస్క్ పెట్టి /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో రాసుకుని ఉంటే, ఆ లైనులో 'నోఫెయిల్' ఉందో లేదో తప్పక చూడండి. అది లేకుండా డిస్క్ ఊడి ఉంటే సర్వర్ 90 సెకన్లు చూసి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. రాత్రి రెండింటికి గేటు కాడ ఉన్న మనిషి దాన్ని విడిపించలేడు. పోస్ట్‌గ్రెస్ గురించి బెంగ వద్దు, అర్ధాంతరంగా ఆగినా తన లాగ్ చదువుకుని సరిచేసుకుంటుంది. ఎవరైనా వేగం కోసం దాంట్లో ఎఫ్‌సింక్ (రాసింది డిస్క్ మీద పడిందని ఖాయం చేసుకునే సెట్టింగు) ఆఫ్ చేసి ఉంటే మాత్రం వెంటనే ఆన్ చేయండి.

పరీక్ష ఇలా చేయండి, లారీలు లేని పగటిపూట. ముందు పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ తీసుకోండి. రీబూట్ కమాండు కొట్టొద్దు, అది మీ సమస్యను చూపించదని ఇప్పటికే తెలిసింది. 'సుడో పవర్‌ఆఫ్' అని సర్వర్‌ను ఆపి, దాని ప్లగ్గు, స్విచ్ ప్లగ్గు రెండూ పీకి ఒక నిమిషం ఆగండి. సర్వర్‌కు మాత్రం కరెంటు ఇవ్వండి, బటన్ నొక్కొద్దు. తనంతట తాను లేస్తే బయోస్ సరిగా ఉన్నట్టే. లేచాక అక్కడి కీబోర్డు మీదే 'సిస్టమ్‌సీటీఎల్ ఈజ్-యాక్టివ్ కాంటా' అడగండి. స్విచ్ లేకుండానే యాక్టివ్ అనాలి. ఐదు నిమిషాలు గడిచాక స్విచ్ పెట్టి, సర్వర్‌ను ముట్టుకోకుండా గేటు కంప్యూటర్లో పేజీ తెరవండి. ఖాళీ ట్రాక్టర్‌ను కాంటా ఎక్కించి తూకం వస్తోందో లేదో చూడండి. తర్వాత తూకం వైరు పీకి, నిమిషం తర్వాత పెట్టి, ప్రోగ్రాం మళ్లీ పట్టుకుంటుందో కూడా చూడండి. పట్టుకోకుండా మౌనంగా కూర్చుంటే సిస్టమ్‌డీకి అది పడిపోయినట్టు తెలియదు. వైరు పోయినప్పుడు ప్రోగ్రాం ఎర్రర్‌తో బయటికి వచ్చేలా రాయించుకోండి, ఐదు సెకన్లలో సిస్టమ్‌డీ తిరిగి లేపుతుంది.